నడిచి కొండెక్కిన మాస్టారు

ఆ బుధవారం ఉదయం కాఫీ తాగుతూ సదాశివరావు వేసుకున్న పథకంలో ఎక్కడా చిల్లు కనిపించలేదు. శుక్రవారం పొద్దున్నే నోయిడాలోని ఆసుపత్రికి వెళ్లాలి. ఎడమకాలి నరాలకు లేజరు చికిత్స చేయించుకోవాలి. సాయంత్రానికి ఇల్లు చేరి, శని ఆదివారాలు గడిపేసి, సోమవారం తొమ్మిదింటికి ఢిల్లీ లక్ష్మీనగర్‌లోని తెలుగువాళ్ల కోచింగ్ సెంటర్‌లో ఎప్పటిలాగే నిలబడి పాఠం చెప్పాలి. ఈ సంగతి భార్య అరుంధతికి, కూతురు సహస్రకు తప్ప మరో మనిషికి తెలియకూడదు. పథకం మొత్తంలో ఆయనకు ప్రాణం లాంటిది ఆ చివరి ముక్కే.

సివిల్స్ రాసే పిల్లలకు ఆయన పదకొండేళ్లుగా భూగోళం చెబుతున్నాడు. రోజుకు ఆరు గంటలు, ఆరూ నిలబడే. "కూర్చున్న మాస్టారు కునుకు తీస్తాడు" అన్నది ఆయన స్వంత సిద్ధాంతం. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గంటసేపు గోడవారన నిలబెట్టి, "నిలబడండ్రా, రక్తం పరిగెడుతుంది, బుర్ర పనిచేస్తుంది" అనేవాడు. కిందటేడాది చరిత్ర చెప్పే కమలాకుమారి, క్లాసులో ఒక కుర్చీ వేయించమని స్టాఫ్ మీటింగులో అడిగింది. అప్పటికి ఆవిడ అడగడం మూడోసారి. సదాశివరావు లేచి, "కుర్చీ ఎందుకు మేడం, ఏకంగా మంచం వేయిద్దాం, దిండు కూడా పెడదాం" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కమలాకుమారి కూడా నవ్వింది. మర్నాడు క్లాసుల్లో మిగిలిన ఒకటీ అరా కుర్చీల్ని కూడా ఆయన దగ్గరుండి మేడమీదికి ఎక్కించేశాడు.

అలాంటి మనిషి రక్తం ఇప్పుడు పరిగెత్తడం మానేసి ఎడమ పిక్కలో కాపురం పెట్టింది. మోకాలి వెనకనుంచి చీలమండ దాకా నరాలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి. సాయంత్రమయ్యేసరికి కాలు దిమ్మెక్కి బరువుగా వేలాడేది. రెండేళ్లు దాచాడు, ఆరు నెలలు పసుపు పట్టు వేశాడు. చివరికి అరుంధతి పోరు పడలేక డాక్టర్ చెన్నకేశవులు దగ్గరికి వెళ్లాడు. నోయిడాలో డాక్టర్లకు కొదవ లేదు గానీ, కాలి బాధ హిందీలో చెప్పుకుంటే సగమే చెప్పుకున్నట్టుంటుందని ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లంతా కర్నూలు డాక్టరని ఈయన దగ్గరికే వెళతారు. సదాశివరావు కూడా అందుకే వెళ్లాడు. మిగతా తెలుగువాళ్లు కూడా వస్తారన్న సంగతి మాత్రం ఆలోచించలేదు.

"నరం లోపల రక్తాన్ని కిందికి జారకుండా ఆపే తలుపులు ఉంటాయి సార్. మీవి పాడైపోయినాయి" అన్నాడు చెన్నకేశవులు. "సూదిమొనంత రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, లోపల్నించే లేజరుతో ఆ నరాన్ని మూసేస్తాం. పైకి ఉబ్బిన ముక్కల్ని చిన్న చిన్న రంధ్రాల్లోంచి లాగేస్తాం. పెద్ద కోత లేదు. మధ్యాహ్నానికి మీ కాళ్లమీద మీరే నడుస్తారు. నడవకపోతే నేనే తరుముతా!"

"ఇది ఎందుకొస్తుందండీ?"

"వంశంలో ఉంటే వస్తాది. మళ్ల గంటలు గంటలు నిలబడేవాళ్లకి బాగా ముదురుతాది. పోలీసోళ్లు, వంటోళ్లు, కండక్టర్లు… అవును, మీరేం చేస్తుంటారు సార్?"

"భూగోళం" అన్నాడు సదాశివరావు నేల చూపులు చూస్తూ.

అదీ అసలు సిగ్గు. రోగం వచ్చినందుకు కాదు, తాను పదకొండేళ్లు ఊదరగొట్టిన సిద్ధాంతం తన పిక్కలోనే బద్దలైనందుకు. ఇది బయటపడితే పిల్లల ముందు తలెత్తుకోగలడా? ఆ కమలాకుమారి మొహం ఎలా చూడగలడు?

సెలవుకు ఏం సాకు చెప్పాలన్నది తేల్చడానికి ఆయనకు అంతకుముందే రెండు రాత్రులు పట్టింది. జ్వరమంటే పిల్లలు పళ్లు పట్టుకుని ఇంటికొస్తారు. పెళ్లంటే ఫోటోలు అడుగుతారు. పైగా సోమవారం కాస్త కుంటుతాడు కదా, దానికి కూడా జవాబు ఉండాలి. చివరికి దొరికింది. తిరుపతి మొక్కు! నడిచి కొండెక్కుతాడు. నడిచి ఎక్కినవాడు కుంటక ఏం చేస్తాడు? తన తెలివికి తానే మురిసిపోయాడు.

డైరెక్టర్ త్యాగరాజు సెలవు చీటీ చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీరు సెలవు పెట్టడమే వింత, అందులో నడిచి కొండెక్కడమా! ఈ వయసులో! మాస్టారూ, మీరు మామూలు మనిషి కాదండీ."

"ఏదోనండీ, పాత మొక్కు. చెన్నై దాకా విమానం, అక్కణ్ణుంచి కారు. ఎవరికీ చెప్పకండేం."

"అబ్బే, చెబుతానా!" అన్నాడు త్యాగరాజు. పావుగంటలో మైకులో చెప్పాడు.

మధ్యాహ్నానికి క్లాసు బయట క్యూ కట్టారు. నెల తిరిగితే ప్రిలిమ్స్. పిల్లలు తమ హాల్ టికెట్లకు జిరాక్సులు తీయించి తెచ్చారు, స్వామి పాదాల దగ్గర పెట్టి తెమ్మని. కరీంనగర్ విష్ణు అందరికంటే ముందున్నాడు. "సార్, జర నాది పైన పెట్టుండ్రి సార్. ఇది మూడోసారి. ఈసారి గాకపోతే బాపు ఇంటికి వచ్చేయమన్నడు." సదాశివరావు కాదనలేకపోయాడు. తెలుగు రాని బీహారు పిల్లలు కూడా ఇచ్చారు. మొత్తం అరవై రెండు కాగితాలు ఒక సంచిలో చేరాయి. చివర్లో త్యాగరాజు వచ్చి చెవిలో చెప్పాడు. "గుండు ఇవ్వకపోయినా మూడు కత్తెరలైనా ఇచ్చిరండి మాస్టారూ. మన సెంటర్ పేరు మీద."

కమలాకుమారి మాత్రం క్యూలో లేదు. మెట్లు దిగుతుంటే ఎదురై, "నాకో లడ్డూ తెచ్చిపెట్టండి సార్. అమ్మ చాలా రోజుల్నించి అడుగుతోంది" అంది. ఆవిడ మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కుతోందని ఆయన గమనించలేదు. గమనించే స్థితిలో లేడు.

శుక్రవారం చికిత్స అనుకున్న దానికంటే తేలిగ్గా జరిగిపోయింది. కాలికి మత్తు ఇచ్చారు, తెరమీద నరం చూస్తూ తీగ పంపారు. చెన్నకేశవులు పని చేస్తున్నంతసేపూ కర్నూలు ఎండల గురించి చెబుతూనే ఉన్నాడు. ఆఖరికి నర్సు వచ్చి వేలినుంచి తొడదాకా చర్మం రంగు బిగుతు మేజోడు ఒకటి ఎక్కించింది. ముందు కొన్నాళ్లు పగలూ రాత్రీ, తర్వాత పగలంతా, డాక్టరు చాలనేదాకా వేసుకోవాలట. అద్దంలో చూసుకుని సదాశివరావు అటు తిరిగిపోయాడు. యాభై రెండేళ్ల వయసులో ఆయన కాలు ఎయిర్ హోస్టెస్ కాలులా నున్నగా ఉంది.

"ఇంక లేచి అరగంట నడవాల సార్, వరండాలోనే" అన్నాడు చెన్నకేశవులు.

మోకాళ్ల దాకా ఆసుపత్రి గౌను, కింద ఆ మేజోడు, చంకలో హాల్ టికెట్ల సంచి. సంచిని మంచంమీద వదలడానికి ఆయనకు మనసొప్పలేదు. పోతే ఎవరికి జవాబు చెప్పాలి? అరుంధతి మందులు తేవడానికి కిందికి వెళ్లింది. ఆయన ఒంటరిగా నాలుగు అడుగులు వేశాడో లేదో సెల్ ఫోను మోగింది.

"మాస్టారూ! ఎంతవరకు ఎక్కారు?" త్యాగరాజు గొంతు.

"గాలిగోపురం… దాటేశానండీ" అన్నాడు సదాశివరావు ఆయాసంగా. ఆయాసం నిజమైనదే, భయంవల్ల.

"పిల్లలంతా ఇక్కడే ఉన్నారు. స్పీకర్ పెడుతున్నాను. ఒక్కసారి గోవింద కొట్టండి, మేం అందుకుంటాం!"

"ఇక్కడ జనం ఉన్నారండీ…"

"జనం ఉంటే మరీ మంచిది! ఊఁ, కానివ్వండి!"

సదాశివరావు అటూ ఇటూ చూశాడు. వరండాలో ఎవరూ లేరు. కళ్లు మూసుకుని, "ఏడుకొండలవాడా, వేంకటరమణా" అన్నాడు. అవతలనుంచి అరవైమంది "గోవిందా గోవింద!" అన్నారు. ఆ కేకకు ఈ చివర గదిలోని నర్సు, ఆ చివర గదిలోని ముసలాయన బయటికొచ్చి చూశారు. "క్యా హువా అంకుల్? దర్ద్ హై క్యా?" అంది నర్సు, నొప్పేమోనని. ఆయన తల అడ్డంగా ఊపి, ఫోను కట్టేసి వెనక్కి తిరిగాడు.

లిఫ్టు పక్కన, చేతిలో స్కానింగ్ కవరు పట్టుకుని కమలాకుమారి నిలబడి ఉంది.

ఆవిడ చూపు ఆయన మొహం మీదినుంచి గౌను మీదికి, అక్కణ్ణుంచి మేజోడు మీదికి దిగి మళ్లీ పైకొచ్చింది. భూమి చీలితే బాగుండునని ఆయన కోరుకున్నాడు. భూకంపాలు ఎందుకొస్తాయో పదకొండేళ్లు చెప్పినవాడికి, కావలసినప్పుడు ఒక్కటీ రాలేదు.

"కొండమీద చలిగా ఉందా సార్?" అంది కమలాకుమారి.

"మేడం… మీరిక్కడ…"

ఆవిడ చీర కుచ్చిళ్లు బెత్తెడు పైకెత్తింది. చీలమండ చుట్టూ చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. ఒకచోట మానని పుండు, దానిమీద కట్టు. "ఏడాదైంది సార్. లేజరు చేయించుకోమని డాక్టరుగారు అంటూనే ఉన్నారు. సెలవు పెడితే చరిత్ర చెప్పేవాళ్లు లేరు. కూర్చుని చెప్పగలిగితే ఇంత ముదిరేది కాదన్నారు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది. స్టాఫ్ మీటింగులో తను వేసిన మంచం జోకు, అందరి నవ్వు, ఆవిడ నవ్వు గుర్తొచ్చాయి. ఆ రోజు కూడా ఆ కాలిమీదే నిలబడి నవ్వింది కాబోలు. సదాశివరావుకు చెవులదాకా సిగ్గు పాకింది. ఇంతసేపూ పడ్డ సిగ్గు నలుగురూ చూస్తారని. ఇది అలాంటిది కాదు. ఎవరూ చూడకపోయినా పోయేది కాదు.

"నేనెవరికీ చెప్పనులెండి" అంది ఆవిడ లిఫ్టులోకి వెళుతూ. "లడ్డూ మాత్రం మర్చిపోకండి."

శనివారం పొద్దున మూడు కత్తెరల సమస్య వచ్చింది. అరుంధతి సాయం చేయనంది. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడింది చాలక, ఇప్పుడు నన్ను క్షవరం చేయమంటారా? నా వల్ల కాదు." చివరికి కూతుర్ని బతిమాలుకున్నాడు. పన్నెండో తరగతి చదివే సహస్ర తెలుగంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. "ఠీక్ హై పాపా, హిల్నా మత్" అని, కదలొద్దని వేలు చూపించి, కాగితాలు కత్తిరించే కత్తెర పట్టుకుంది. మొదటి కత్తెర బాగానే పడింది. రెండోది వేసేటప్పుడు ఆయనకు పిక్కలో చురుక్కుమని, కదిలాడు.

"ఊప్స్" అంది సహస్ర.

నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర నున్నగా తేలింది. సరిచేయడానికి వేసిన మూడోది దాన్ని అరచేతంత చేసింది. టోపీ పెట్టుకుని తాముండే నోయిడా సెక్టార్ మార్కెట్లో మంగలి దగ్గరికి వెళితే, అతను ఒక్క చూపు చూసి, "అంకుల్‌జీ, అబ్ తో పూరా హీ నికాల్‌నా పడేగా" అన్నాడు, ఇక మొత్తం తీసేయాల్సిందేనని. అరగంటలో ఆయన గుండు ఎండకు మెరిసింది. పోతే పోయింది, ఇప్పుడు ఎవరికీ అనుమానం రాదు అనుకున్నాడు. అలా అనుకున్నందుకు వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది.

లడ్డూల విషయంలో మిఠాయి దుకాణం ముందు పది నిమిషాలు తచ్చాడాడు. వెంట వచ్చిన అరుంధతి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. "ఆ మోతీచూర్‌ని తిరుపతి లడ్డూ అంటే దేవుడు ఊరుకున్నా తెలుగువాళ్లు ఊరుకోరండీ. నోట్లో పెట్టుకోగానే పట్టేస్తారు." కొంచెం ఆగి, "లడ్డూల సంగతి అలా ఉంచండి. ఆ పిల్లల కాగితాలేం చేస్తారు?" అంది.

ఆదివారం ఆవిడే ఆయన్ని ఆటో ఎక్కించి ఢిల్లీలోని బాలాజీ గుడికి తీసుకెళ్లింది. పూజారి హాల్ టికెట్ల కట్టను స్వామి పాదాల దగ్గర పెట్టి, హారతి ఇచ్చి, "గుండు తిరుమలలో ఇచ్చారా?" అని అడిగాడు.

పూజారితో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నోయిడా సెక్టార్ మార్కెట్లోనండీ" అన్నాడు. పూజారి ఆ గుండుమీదే శఠగోపం పెట్టాడు.

కట్ట వెనక్కి తీసుకుంటుంటే పైనున్న కాగితం వెనక విష్ణు పెన్సిల్‌తో రాసిన అక్షరాలు కనిపించాయి. "స్వామీ, సార్ నా కోసం నడిచి వచ్చిండు, ఆయన కష్టమన్నా చూడు" అని ఉంది. సదాశివరావు గుడి అరుగుమీద కూలబడి చాలాసేపు లేవలేదు.

సోమవారం ఆయన లడ్డూలు లేకుండా, గుండుతో, ఎడమకాలు కాస్త ఈడుస్తూ కోచింగ్ సెంటర్ మెట్లెక్కాడు. లడ్డూల సంచి విమానంలో తప్పిపోయిందని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి క్లాసంతా లేచి నిలబడింది. త్యాగరాజు పూలదండతో సిద్ధంగా ఉన్నాడు. "గుండే ఇచ్చేశారు! నేను మూడు కత్తెరలే అడిగాను!" అని గట్టిగా అరిచాడు.

నడిచి కొండెక్కి వచ్చినవాళ్ల కాళ్లకు మొక్కితే ఆ పుణ్యం కొంత మనకూ వస్తుందని తెలుగు పిల్లలకు తెలుసు. పెద్దవాళ్లు కనబడితే చాలు కాళ్లకు మొక్కాలని బీహారు పిల్లలకు తెలుసు. రెండు బలగాలూ ఒక్కసారే కదిలాయి. "వద్దు, వద్దర్రా" అంటూ సదాశివరావు వెనక్కి జరిగి జరిగి బోర్డుకు ఆనుకున్నాడు. ముందున్న విష్ణు వంగి రెండు చేతులతో పాదాలు పట్టుకున్నాడు. ఆ చేతులతో పాటు ఎడమ పాంటు అంచు కూడా పైకి లేచింది.

"సార్, ఇదేంది సార్?" విష్ణు తలెత్తాడు. "ఆడోళ్ల సాక్సు లెక్కనున్నది!"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సదాశివరావుకు గుండుమీద కూడా చెమటలు పట్టాయి. అంతలో త్యాగరాజే అడ్డుపడ్డాడు. "ఏం తెలీదురా మీకు! అవి కొండెక్కేవాళ్లు వేసుకునే స్పెషల్ మేజోళ్లు. కదూ మాస్టారూ?"

ఎంత చక్కటి అబద్ధం! ఆయన అడగకుండానే, చేతికందేంత దగ్గరగా వచ్చి నిలబడింది. ఒక్క "అవును" చాలు. ఆయన నోరు తెరిచాడు. అప్పుడే పక్క క్లాసు గుమ్మంలో కమలాకుమారి కనిపించింది. సుద్దముక్క పట్టుకుని, గోడకు భుజం ఆనించి, ఒంటి బరువు రెండో కాలిమీదికి మార్చుకుంటోంది. ఈయన తనవైపు చూడగానే, ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనట్టు తల తిప్పుకుంది.

"కాదండీ" అన్నాడు సదాశివరావు.

ఆ తర్వాత ఆగలేదు. తిరుపతి వెళ్లలేదన్నాడు. ఎక్కింది లేజరు బల్ల తప్ప కొండ కాదన్నాడు. గోవింద కొట్టింది ఆసుపత్రి వరండాలోనని చెప్పాడు. హాల్ టికెట్లు మాత్రం ఢిల్లీ గుడిలో స్వామి పాదాల దగ్గర నిజంగా పెట్టించానన్నాడు. "నిలబడితే రక్తం పరిగెడుతుందని పదకొండేళ్లు చెప్పాను. నా కాల్లో అది నిలబడిపోయింది. ఆ సంగతి మీకు చెప్పడానికి సిగ్గేసి దేవుణ్ణి కూడా అబద్ధంలోకి లాగాను. నన్ను క్షమించండి."

త్యాగరాజు పూలదండను వీపు వెనక దాచుకున్నాడు. విష్ణు ఇంకా మోకాళ్లమీదే ఉండి, చాలాసేపు ఆలోచించి అడిగాడు. "మరి గుండు యాడ కొట్టించుకున్నరు సార్?"

"సెక్టార్ మార్కెట్లో రా."

మొదట విష్ణే నవ్వాడు. తర్వాత క్లాసు మొత్తం విరగబడి నవ్వింది, తెలుగు అర్థం కాని వాళ్లు అర్థమైన వాళ్లను అడిగి మరీ నవ్వారు. సదాశివరావు ఆ నవ్వంతా అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డాడు. స్టాఫ్ మీటింగులో నవ్వినప్పుడు కమలాకుమారికి ఎలా ఉండి ఉంటుందో ఆయనకు ఇప్పుడు కొలత దొరికింది.

నవ్వు తగ్గాక కుంటుకుంటూ త్యాగరాజు గదిలోకి వెళ్లాడు. డైరెక్టరుగారి మెత్తటి కుర్చీని దొర్లించుకుంటూ నడవాలోకి తెచ్చి, కమలాకుమారి క్లాసులో బల్ల పక్కన పెట్టాడు. "మేడం మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నేను నవ్వులాట చేశాను" అన్నాడు పిల్లలందరికీ వినబడేలా. "కూర్చోండి మేడం. మీరు ఆపరేషన్‌కి ఎప్పుడు వెళతారో చెప్పండి, మీ క్లాసులు నేను చూసుకుంటాను. నాకు చరిత్ర రాదు, చదువుకుని చెబుతాను."

కమలాకుమారి వెంటనే కూర్చోలేదు. కుర్చీ వంక, ఆయన గుండు వంక చూసింది. తర్వాత కూర్చుని, కళ్లు చెంగుతో ఒత్తుకుని, "లడ్డూ తేలేదన్నమాట" అంది.

మేడమీదున్న కుర్చీలన్నీ ఆ సాయంత్రానికి కిందికి దిగాయి. కమలాకుమారి ఆ వారంలోనే చికిత్స చేయించుకుంది. ఆవిడ లేని నాలుగు రోజులూ సదాశివరావు రెండు సబ్జెక్టులూ చెప్పి, మొగలుల గురించి పిల్లలు అడిగిన ప్రశ్నలన్నిటికీ నదులతో జవాబు చెప్పాడు. డాక్టరు మాట ప్రకారం అరగంట నిలబడి, అరగంట కూర్చుని, మధ్యమధ్య నాలుగడుగులు నడిచేవాడు.

ఆ తర్వాతి సోమవారం మధ్యాహ్నం, లక్ష్మీనగర్ మొత్తం వడగాలికి తలుపులు మూసుకుని ఉన్న వేళ, విష్ణు చప్పుడు కాకుండా పక్క క్లాసుకు వచ్చాడు. కమలాకుమారి తనకిష్టమైన కుర్చీలో కూర్చుని పానిపట్టు యుద్ధం చెబుతోంది.

"మేడం, జర వచ్చి చూస్తరా? సార్ రుతుపవనాలు చెప్పుకుంట చెప్పుకుంట ఆగిపోయిండు."

ఆవిడ వచ్చి గుమ్మంలోంచి చూసింది. ఒక చేతిలో సుద్దముక్క, ఒళ్లో అట్లాసు, కొత్తగా మొలుస్తున్న జుట్టుతో తల పక్కకు వాల్చి, సదాశివరావు కుర్చీలో హాయిగా నిద్రపోతున్నాడు. పదకొండేళ్లుగా చెప్పిన వాటిలో కుర్చీ గురించి ఆయన చెప్పిన సిద్ధాంతం ఒక్కటి మాత్రం నిజమని తేలింది.

"లేపాల్నా మేడం?"

"వద్దులే బాబూ" అంది కమలాకుమారి తలుపు దగ్గరగా వేస్తూ. "నడిచి కొండెక్కి వచ్చారు కదా."